మూడో పిల్ల

నా చిన్నప్పుడు అన్నయ్యా నేనూ ఒకే ఒడిలో పెరిగాం. వాడు నాకంటే నెల పెద్ద. వాడు మా బాబాయిని నాన్నా అని పిలిచేవాడు, నేను మా నాన్నని నాన్నా అని పిలిచేదాన్ని. అమ్మ మాత్రం ఇద్దరికీ ఒక్కతే. ఆ లెక్క ఎక్కడో తప్పుతోందని ఏడేళ్ళు వచ్చేదాకా నాకు తోచనే లేదు.

చెప్పింది పక్కింటి ముసలమ్మ. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ, "ఆయమ్మ మీ యమ్మ కాదే గుంటా, పిన్ని. నువ్వు పుట్టిన పదోనాడే మీ యమ్మ జొరమొచ్చి పోయింది. అక్క పిల్లకి సెల్లెలే పాలిచ్చి పెంచింది" అంది. ఆవిడ మనసులో కల్మషం లేదు. అందరికీ తెలిసిన సంగతి నాకూ తెలుసనుకుంది.

ఆ పూట భోజనాల దగ్గర "పిన్నీ, మజ్జిగ" అన్నాను. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత ఏమీ ఎరగనట్టే మజ్జిగ పోసింది.

అప్పటినుంచి ఇల్లంతా నాకు వేరేగా కనిపించసాగింది. అన్నయ్య కంచంలో చేపముక్క ఎప్పుడూ పెద్దదే. వాడి తల ముందు దువ్వితే, సొంత బిడ్డ కదా అనుకునేదాన్ని. నా చాప నాయనమ్మ పక్కకు మార్చుకున్నాను. పిన్ని రమ్మనలేదు, కోప్పడలేదు. దుప్పటి మాత్రం తెచ్చి కప్పి వెళ్ళేది.

ఆ రోజుల్లోనే బొబ్బిలి పొలిమేరలో, కోతలైపోయిన చేలల్లో సర్కస్ దిగింది. ఏనుగులకు గడ్డి కావాలంటే మా తాతయ్య బండి కట్టి, నన్నొక్కదాన్నే గడ్డి మీద కూర్చోబెట్టుకున్నాడు. ఎండకు వేడెక్కిన గడ్డి వాసనా, బండి ఊపూ కలిసి నన్ను సగం నిద్రలోకి తీసుకుపోయాయి. అందుకే కాబోలు, తరవాత చూసినదంతా కలలో చూసినట్టే మిగిలిపోయింది.

ఆట మొదలవడానికి ఇంకా చాలా వేళుంది. డేరా వెనక అంతా నిశ్శబ్దం. రంగు వెలిసిన మెరుపుల గుడ్డలు తాళ్ళ మీద ఆరుతున్నాయి. సింహాల్ని చూసుకునే ముసలాయన నౌపడ వైపు మనిషి, మా తాతయ్యకు ఎరిగినవాడు. గోనెపట్టాలు కట్టి నీడ చేసిన బోను దగ్గరకు మమ్మల్ని తీసుకెళ్ళి, చప్పుడు చెయ్యొద్దని సైగ చేశాడు.

ఆడసింహం గడ్డి మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. ఒంటి మీద లేత మచ్చలున్న మూడు పిల్లలు దాని పొట్టకు అతుక్కుని పాలు తాగుతున్నాయి. అది కళ్ళు సగం మూసుకుని, అందిన పిల్లనల్లా నాకుతోంది. ఆ నాలుక గరుకు చప్పుడు నాకు వినిపిస్తోంది. ఇంతలో మూడింట్లోకీ చిన్నది తప్పటడుగులు వేస్తూ ఊచల దాకా వచ్చింది. తల్లి లేచి, దాని మెడను నోట కరిచింది. నేను భయంతో తాతయ్య పంచె పట్టుకున్నాను.

"కొరకదమ్మా. పిల్లేదో, మాంసమేదో దాని పళ్ళకి తెలుస్తాది" అన్నాడు ముసలాయన.

అది పిల్లను మోసుకెళ్ళి, మిగతా రెండింటి మధ్య దింపింది.

"ఇప్పుడు నోట్లో పెట్టుకెళ్ళింది సూసేవా, అది దీని పిల్ల కాదు. దీని అక్క పిల్ల. అక్క ఈనిన వారానికే సచ్చిపోయింది" అన్నాడు ఆయన. "అడివిలో అయినా అంతే. అక్కసెల్లెళ్ళన్నీ ఒక్క మందగుంటాయి. ఒకర్తి ఏటకెళ్తే ఇంకోర్తి పిల్లల్ని సూస్తాది. ఆకలేసిన పిల్లకి ఎవర్తి దగ్గరుంటే అదే పాలిస్తాది."

నేను చాలాసేపు చూశాను. చివరికి, "తన పిల్ల కాదని దానికి తెలీదా?" అని అడిగాను.

"ఎందుకు తెలీదు? వాసన సూస్తే తెలిసిపోదేటి? తెలిసే ఇస్తన్నాది."

మా తాతయ్య అప్పటికే ఎద్దుల వైపు నడిచాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. పిన్ని పెరట్లో కూర్చుని అన్నయ్యకు తల దువ్వుతోంది. వాడు లేవగానే నేను వెళ్ళి, జడ విప్పుకుని ఆమె ముందు కూర్చున్నాను. కాసేపటికి, "సింహం మూడు పిల్లలకి పాలిస్తన్నాదమ్మా" అన్నాను.

దువ్వెన ఆగింది. మళ్ళీ కదిలింది.

"అలాగేటి? తిన్నగుండు, పాయ వంకరపోతాది" అంది.

ఆ మూడోది నిజంగా అక్క పిల్లేనా, లేక మా తాతయ్య ముందే చెప్పి ఆ ముసలాయన చేత అలా అనిపించాడా, నాకు ఇప్పటికీ తెలియదు. అడుగుదామనుకునే వయసు వచ్చేసరికి తాతయ్య లేడు. చాలా ఏళ్ళ తరవాత టీవీలో నిజమైన అడవి సింహాలను చూశాను. ఎవరి పిల్లలు ఎవరి పాలు తాగుతున్నాయో పోల్చుకోలేకపోయాను. పోల్చుకోవాలని కూడా అనిపించలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. వీధిలో పిల్లలంతా ఆడి ఆడి మా ఇంట్లోకే వచ్చి పడతారు. నా ఈడు వాళ్ళు గుమ్మంలో కూర్చుని, "ఆ గుంట ఎవులమ్మాయి?" అని ఆరా తీస్తుంటారు. ఆ ప్రశ్న నా నోట రాదు. అన్నం తిన్నావా అని మాత్రం అడుగుతాను.