తెలుగు రాని పొద

అరవైల మొదట్లో ఒకసారి, నేనెక్కిన ధర్మవరం బస్సు పెనుకొండలో చెడిపోయింది. ఆ మధ్యాహ్నమంతా అక్కడి ట్రావెలర్స్ బంగళా అరుగు మీద గడిపాను. కొండ మీది కోట ఎండలో కరిగిపోతున్నట్టు కనిపించింది. బంగళా తోటమాలి మస్తాన్ సాబు మోకాలెత్తు పొద ఒకదాని మీద తడిగోనె కప్పుతున్నాడు. ఎప్పుడో ఒక దొరసాని అమెరికా నుంచి తెచ్చి నాటిన నల్లపండ్ల పొదట అది. మొదలు చుట్టూ చెనక్కాయ పొట్టు పరిచి, కుండలో చల్లబడిన నీళ్లే పోస్తాడు. ఏడేళ్లయినా ఒక్క పండు కాయలేదు. దాని రుచి అతనికి తెలియదు. దొరసాని కళ్లు మూసుకుని చెప్పేదట, అంతే.

నాకు ఇంగ్లీషు వచ్చని తెలియగానే గొడ్డలి తెచ్చి చేతిలో పెట్టాడు.

"కాయని చెట్టును బెదిరిస్తే కాస్తాది సారూ. నువ్వు నరుకుతానను, నేను అడ్డమొస్తా. ఇంగ్లీషులోనే అను. దానికి తెలుగు రాదు."

నవ్వాపుకుంటూ గొడ్డలెత్తి, బడిలో నేర్చిన ఇంగ్లీషులో గట్టిగా బెదిరించాను. అతను పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సారూ, ఈ ఒక్క ఏడు సూడు!" ఆట అయిపోయినా ఆ పట్టు సడలలేదు.

సాయంత్రం బస్సు బాగయింది. ఎక్కబోతుంటే మస్తాన్ సాబు రొప్పుతూ వచ్చాడు.

"ఒక్క నిమిషం రా సారూ. ఊరికే బెదిరిస్తినని దానికి ఇంగ్లీషులో చెప్పిపో. పాపం, బయపడి ఉండాది."