అంకెల్లో బతుకమ్మ

ఆ రోజుల్లో టీవీలో బొమ్మ రావడం ఒక ఎత్తు, వచ్చిన బొమ్మ మనిషిదో గేదెదో తేల్చుకోవడం మరో ఎత్తు. చిట్యాలలో మా ఇంటి మీది యాంటెన్నా ఎంత పొడుగంటే, భూపాలపల్లి వైపు పోయే మబ్బులు దాన్ని పట్టుకొని కాసేపు అలుపు తీర్చుకునేవి. అయినా వార్తలు చదివే ఆమె మొహాలు ఏనాడూ రెండుకు తగ్గలేదు. (మా బాపు ఎడమ మొహాన్నే నమ్మేవాడు.) ఇంతటి అనుభవం ఉన్నవాణ్ని గనుక, ఊళ్లోకి సెట్‌టాప్ బాక్సులు వచ్చిన ఏడాది ఆ మార్పును పిల్లలకు వివరించే అర్హత లోకంలో నాకొక్కడికే ఉందనుకున్నాను. అప్పటికి రేగొండలో ఒక చిన్న బడిలో కొత్తగా చేరిన సైన్సు సారును. జీతం తక్కువ, జేబులో పెన్నులు ఎక్కువ.

దసరా సెలవులకు జనగామ నుంచి మా అక్క పిల్లలు ముగ్గురూ వచ్చారు. సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం పెద్దది అడిగింది. "మామా, పాత టీవీల బొమ్మ ఊగేదట గదా, గిప్పుడెందుకు ఊగుతలేదు?" వెంటనే దాని చేత బతుకమ్మ బొమ్మ గీయించాను. దాన్ని చూసి నడిపిది గీసింది. నడిపిదాన్ని చూసి చిన్నోడు గీశాడు. వాడి కాగితం మీదికి వచ్చేసరికి బతుకమ్మ గ్యాస్ సిలిండరై కూర్చుంది. "గిదే అనలాగ్. చేతులు మారినకొద్ది బొమ్మ ఖరాబైతది" అన్నాను గంభీరంగా.

"మరి డిజిటల్?"

అక్కడ ఆగితే నేనింకేం సైన్సు సారును? నడింట్లో మా అవ్వ (అవ్వంటే మా అమ్మే) తెల్లవారుజాము నుంచి పేర్చిన బతుకమ్మ ఉంది. ఇరవై ఒక్క వరుసలు, అన్నీ తంగేడు, గునుగే. ఏటా మా వాడలో అవ్వదే ఎత్తయిన బతుకమ్మ. ఆ పేరు నిలుస్తుందంటే నన్ను దత్తత ఇచ్చేయడానికైనా వెనకాడదు. "ఎవలన్న ముట్టుకున్నరో, వీపు చింతపండైతది" అని చెప్పి మరీ స్నానానికి పోయింది.

"తంగేడు ఒకటి, గునుగు సున్న. కింది నుంచి వరుసకో అంకె రాసుకోండ్రి" అన్నాను. పెద్దది నోటుబుక్కులో రాసింది. చిన్నోడికి అనుమానం. "గీ నంబర్లు చూసి పక్క అర్రల పేరిస్తే అచ్చం గిట్లనే వస్తదా?" సైన్సును అనుమానిస్తే ఊరుకుంటానా? మొత్తం విప్పేశాను.

విప్పడం చిటికెలో అయింది. పక్క గదిలో ఖాళీ తాంబాలంలో గుమ్మడాకులు పరిచామో లేదో, వీధిలోంచి పక్కింటి అత్త కేక. "వదినే! అయ్యిందా? అందరు బయలెల్లిండ్రు!" లోపలి నుంచి అవ్వ. "చీర కట్టుకుంటున్న, అచ్చిన అచ్చిన!"

నా ఒంట్లోని నీరంతా చొక్కాలోకి వచ్చేసింది. గుమ్మంలో నిలబడి పెద్దది "ఒకటి! సున్న! సున్న!" అని అరుస్తుంటే, నడిపిది పూలందిస్తుంటే, నేను పేరుస్తున్నాను. చిన్నోడు మధ్యలో ఆకులు కూరుతున్నాడు. (ఆ వేగంతో పేరిస్తే జిల్లాకంతా నేనొక్కణ్నే బతుకమ్మలు అందించగలను.) చివరి వరుస పడిందో లేదో, పట్టుచీరలో అవ్వ రానే వచ్చింది.

"గీ అర్రలకెట్ల అచ్చిందిరా?" అని చుట్టూ తిరిగి చూసింది. వరుస తప్పలేదు, రంగు మారలేదు. డిజిటల్ గెలిచిందని నేను పెన్నులు సర్దుకుంటుండగా అవ్వ చూపు పైకి పోయి ఆగిపోయింది.

"గౌరమ్మేదిరా?"

శిఖరాన తమలపాకులో ఉండాల్సిన పసుపు గౌరమ్మ లేదు. చిన్నోడే ధైర్యం చేశాడు. "అమ్మమ్మా, గామెకు మామ నంబర్ చెప్పలే."

అప్పుడు గుర్తొచ్చింది. విప్పేటప్పుడు భద్రంగా ఉంటుందని జేబులో పెట్టుకున్నాను. పెన్నుల మధ్య, చెమటలో, తల్లి పచ్చని మడుగైపోయింది. అవ్వ నా జేబులోకి బావిలోకి చూసినట్టు చూసింది. "గింత సదువు సదివి తల్లిని జేబుల వెట్టుకుంటివారా!" చింతపండు సంగతి చెప్పను.

మరుక్షణం చిటికెడు పసుపు తడిపి, ఏ అంకెలూ చూడకుండా, రెండు వేళ్లతో కొత్త గౌరమ్మను చేసి పైన నిలిపింది. ఆ ఏడూ వాడలో మాదే ఎత్తు.

పెద్దది ఇప్పుడు కంప్యూటర్లే చదువుతోంది. ఏటా సద్దులనాడు వీడియో కాల్‌లో అడుగుతుంది. "మామా, జేబు చూసుకున్నవా?" పెద్దమనిషిలా నవ్వేస్తాను. కాల్ పెట్టేశాక మాత్రం, ఎందుకైనా మంచిదని, ఒకసారి తడుముకుంటాను.