పొగమంచులో అడిగిన మాట

ఆ శీతాకాలమంతా మేముండే ఫ్రీమాంట్‌లో పొగమంచులోనే తెల్లవారేది. పొద్దున్నే ఊళ్లోని సరస్సు చుట్టూ నడుస్తుంటే బాతుల అరుపులు ఎక్కడో కలలోంచి వస్తున్నట్టుండేవి. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. ఒక రౌండ్ పూర్తయ్యేలోపే రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లాల్సివచ్చేది. వయసు మీద పడుతోందిలే అనుకుని ఇంట్లో కూడా చెప్పలేదు.

నాతోపాటు నడిచే డెబ్భై దాటిన పెద్దాయన ఒకరోజు నేను బాత్రూమ్‌లోంచి బయటికి వచ్చేదాకా ఆగి, మెల్లగా అడిగారు. "ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"ఏడాది అయిందేమో అండీ."

"నేను సిగ్గుపడి మూడేళ్లు దాచాను బాబూ. చివరికి యూరిన్ ఆగిపోయి ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి వచ్చింది. నువ్వు ఈ వారమే అపాయింట్‌మెంట్ బుక్ చెయ్యి."

మంచులో ఆయన ముఖం సరిగా కనిపించలేదు. అందుకేనేమో, మొహమాటం లేకుండా అన్నీ చెప్పేశాను.

ఆ వారమే వెళ్తే డాక్టరమ్మ నన్ను పరీక్షించి, రక్తపరీక్ష కూడా చేయించింది. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతో కాస్త పెరిగిందని, భయపడాల్సిందేమీ లేదని చెప్పి మందు రాసింది. సాయంత్రం కాఫీ మానేయమంది, నడక మాత్రం మానొద్దంది.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. తర్వాత వేరే రాష్ట్రంలో, అల్ఫారెట్టాలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి సంగతంతా చెప్పి, "నువ్వూ ఒకసారి చెకప్ చేయించుకోరా," అన్నాను.

"నాకూ ఆర్నెల్లుగా అలాగే ఉంది అన్నయ్యా. ఎవరితో చెప్పాలో తెలీలేదు."

నేను కిటికీ పక్కన కూర్చున్నాను. వాడు చెబుతూ పోయాడు, నేను వింటూ ఉండిపోయాను.