ఎక్కే ముందు ఒక కేక

మాది తమిళనాడులో కోవిల్‌పట్టి. పెళ్లిళ్లకు వీడియోలు తీయడం నా పని. డ్రోన్ కొన్న కొత్తలో విరుదునగర్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. ఊరేగింపుకు ముందు వీధిని పైనుంచి తీద్దామని డ్రోన్ ఎగరేశాను.

మిద్దెల మీద ఎండుమిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. మురిసిపోయి ఇంకొంచెం కిందికి దించాను. అప్పుడు కనబడింది, పక్కింటి మిద్దె మీద ఒక అవ్వ. తలంటుకుని, రవిక లేకుండా తడిచీర చుట్టుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. చప్పుడుకు తలెత్తి, గబగబా నీళ్లతొట్టి వెనక్కి వెళ్లి కూర్చుంది.

డ్రోన్ దించేసి ఆ ఇంటికి వెళ్లాను. ఆమె చీర మార్చుకుని కిందికి వచ్చింది. తమిళంలో మొదలుపెట్టిన క్షమాపణ తడబడి ఇంట్లో మాట్లాడే తెలుగులోకి జారిపోయింది.

"తప్పయిపోయె అవ్వా. ఇదో, నీ ముందరే తుడిచేస్తా."

"మనోడేనా నువ్వు? అట్లయితే ఇంకా తప్పు" అంది. "పెంకులు మార్చేవాడు కూడా కేకేసి ఎక్కతాడు. నీకు ఒక మాట చెప్పేదానికి ఏమొచ్చె?"

వీడియో ఆమె ఎదుటే చెరిపేశాను. ఆమె కోపం తగ్గలేదు గానీ, గ్లాసెడు మజ్జిగ మాత్రం ఇచ్చింది.

మజ్జిగ తాగుతుంటే మా తాత గుర్తొచ్చాడు. ఆయనది పెంకులు మార్చే పనే. పైకెక్కితే చుట్టుపక్కల పెరళ్లన్నీ కనబడతాయని, నిచ్చెన ఆనించి, "ఇల్లెక్కతా ఉండానమ్మా!" అని నాలుగు దిక్కులా అరిచేవాడు. పక్కిల్లు ఎక్కేటప్పుడు, మా పెరట్లో అంట్లు తోముతున్న అమ్మ కొంగు సర్దుకుని, "ఎక్కు మామా" అనేది. ఒకసారి ఆ పక్కింటాయన విసుక్కున్నాడు, అందరికీ వినబడిందిగా, ఎక్కమని. తాత కదలలేదు.

"వినబడితే చాలదు సామీ. వాళ్లు ఎక్కమనాల."

ఇప్పుడు తాతా లేడు, ఆ పెంకుటిళ్లూ లేవు. ఆ కేక ఎంత ఇష్టంగా వినేవాణ్ణో అవ్వ ఇంట్లోనే తెలిసింది.

తర్వాత వీధిలో ఇల్లిల్లూ తిరిగి, ఎప్పుడు ఎగరేస్తానో చెప్పి, సరేనా అని అడిగాను. చాలామంది సరేనన్నారు. చివరి ఇంటాయన మాత్రం, "లోపల బాలింత ఉండాది, వద్దప్పా" అన్నాడు. ఆ ఇల్లు కనబడకుండా సగం వీధి నుంచే డ్రోన్ వెనక్కి తిప్పేశాను.

వీడియోలో వీధి సగమే వచ్చింది. మిగతా సగం ఏదని పెళ్లికొడుకు తండ్రి అడిగితే, చివరి ఇంట్లో బాలింత ఉందని చెప్పాను.

"ఓ, బిడ్డ పుట్టినాడా!" అంటూ ఆయన చెప్పులు వేసుకుని అటు బయలుదేరాడు.