జీవరత్నం సారు కోపం

కొత్త పుస్తకం తెరవగానే వచ్చే జిగురు వాసన నాకు ఎప్పుడూ ఇష్టమే. నిన్న పోస్టులో వచ్చిన పుస్తకం వాసన మాత్రం గిట్టలేదు. అట్ట మీద 'ఒకే బల్ల' అని పేరు, దాని కింద మా జీవరత్నం సారు ఫోటో. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న అదే నల్ల కోటు. వెనక అట్ట తిప్పితే 'కోపమెరుగని సాధువు, శాంతమూర్తి, తత్వశాస్త్ర ఆచార్యుడు' అని అచ్చు వేశారు. పుస్తకాన్ని మంచం మీదికి విసిరేశాను. కాసేపాగి మళ్ళీ తీసి విషయసూచిక చూశాను. ఆరో అధ్యాయం లేదు. ఏడోదాన్ని ముందుకు జరిపి ఆరు అని అంకె వేశారు. సారు బతికి ఉండగా మా సంఘం ప్రెస్సువాళ్ళు ఆ అధ్యాయం తీసేస్తేనే పుస్తకం వేస్తామన్నారు, ఆయన ఒప్పుకోలేదు. చచ్చిపోయిన మనిషి అడ్డుపడడు కదా అని, ఆయన పోయాక తమ చేతికి చిక్కిన కాగితాల్లోంచి దాన్ని తీసేసి, శతజయంతి పేరు చెప్పి ఇప్పుడు వేశారు. పైగా ఆవిష్కరణ సభకు నాకు ఆహ్వానం. 'సారు శిష్యుల్లో మిగిలిన పెద్దవారు మీరే, నాలుగు మంచి మాటలు చెప్పాలి' అని. మంచి మాటలు నా దగ్గర లేవు. ఉన్నవి ఇవి.

ఆయన్ను చూడనివాళ్ళకు ఆయన కోపం అర్థం కావాలంటే ముందు మా గుడి సంగతి తెలియాలి. కర్నూలు రాజధాని అయి, మైదానాల్లో ఆఫీసుల డేరాలు లేచిన రోజులవి. తుంగభద్ర వైపు పోయే దారిలో కడప బండలు పరిచిన పాత గుడి మాది. పేరుకు అందరం క్రైస్తవులమే. ముందు బెంచీల్లో రెడ్ల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూర్చునేవారు. వాళ్ళ వెనక చాపల మీద మాలపేట, అందరికన్నా వెనక తలుపు దగ్గర మా మాదిగపేట. నెలకొక ఆదివారం ప్రభువు బల్ల, యేసు కడపటి భోజనాన్ని తలుచుకునే సంస్కారం. అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగాలన్నది నియమం. ఎవరి తర్వాత ఎవరు తాగాలో ఏ గ్రంథంలోనూ లేదు, అయినా చంటిపిల్లలకు కూడా తెలుసు. కూర్చున్న వరసే తాగే వరస. ఆ రసం తయారుచేసేది మా అమ్మ మార్తమ్మ. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టి ఇత్తడి చెంబులో మోసుకుపోయేది. గుడి ఊడ్చేదీ ఆమే, చివర గిన్నె కడిగేదీ ఆమే. ఆమె చేతికి లేని మైల ఆమె మూతికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. ముందు బెంచీలవాళ్ళనడిగితే మాత్రం, 'అదంతా అట్లా పెట్టుకున్న మర్యాద' అనేవారు.

జీవరత్నం సారు కడప కాలేజీ నుంచి మా కాలేజీకి వచ్చిన ఏడాదే నేను బి.ఏ.లో చేరాను. మిషను బోర్డింగులో చదివి, తత్వశాస్త్రం తీసుకున్న ఒక్కగానొక్క ఆడపిల్లను. సారుకు ముక్కు మీద కోపమని ఆయన రాకముందే కబురొచ్చింది. మొదటి రోజు వచ్చీ రాగానే కుర్చీ పక్కకు తోసి, మా సీమ మాటల్లోనే అడిగాడు.

"కోపమంటే ఏందప్పా?"

ముందు బెంచీలోని కుర్రాడు లేచాడు. పెద్ద రైతు కొడుకు. "అరిషడ్వర్గాల్లో ఒకటి సార్. జయించాలి."

"సరే. మీ పక్క చేనోడు రాత్రికి రాత్రి గట్టు జరిపినాడు. జయిస్తావా?"

క్లాసంతా నవ్వింది. "లేద్సార్, కాళ్ళిరగ్గొడతా."

"అట్లయితే జయించమని ఎవురికి చెప్తాండావు? చేను లేనోనికా?"

సారు బల్ల మీద చేయి ఆనించి నిదానంగా చెప్పాడు. "ఎవుని మీదో, ఎందుకో తెలీకుండా వచ్చే కోపం జొరం మాదిరి. దాని పాటికి అదే దిగుతాది. తెలిసి వచ్చే కోపం బుద్ధి చేసే పని. దాన్ని కాపాడుకోవల్ల." కోపం పాపమని బోర్డింగులో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి నేర్పారు నాకు. ఆ పూట ఇంటికి వస్తూ దారి పొడుగునా, నాకు ఎవరి మీద కోపమో ఒక్కొక్కరినే తలుచుకున్నాను. నడక చాలలేదు.

ఆయన గుడికి వచ్చిన మొదటి ఆదివారం బల్ల ఆదివారమే. నల్ల కోటు చూసి సంఘ పెద్ద శామ్యూల్ రెడ్డి గారు ఎదురెళ్ళి, చేయి పట్టి తీసుకుపోయి ముందు బెంచీలో కూర్చోబెట్టారు. గిన్నె మొదట అందుకున్నవాళ్ళలో సారూ ఉన్నాడు. ఆరాధన అయ్యాక వరండాలో పరిచయాలు మొదలయ్యాయి. జీవరత్నం అనే పేరులో కులం దొరకదు. అందుకని మా పక్క అడిగినట్టే అడిగారు.

"యా ఊరు సారూ మీది?"

"కోడుమూరు పక్కన."

"అట్లనా! ఎవురోళ్ళు మీరు?"

"మాదిగోళ్ళం. మా నాయన బాయికి తోలుబానలు కుట్టేటోడు."

చెప్పులు తొడుక్కుంటున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. శామ్యూల్ రెడ్డి గారు ముందు తేరుకున్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. నన్నడిగితే దుర్మార్గుడైతేనే నయం, పోట్లాడడానికి వీలుంటుంది. ఆయన సారు భుజం తట్టి, "దాందేముందిలే సారూ! మీరు శానా సదువుకున్నోళ్ళు. మీ సంగతి వేరే. మీరు ముందరే కూసోండి" అన్నారు. సారు ముఖం కందగడ్డ అయింది. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాతి నెల బల్లకు ఆయన నేరుగా తలుపు దగ్గరికి వచ్చి మా వాళ్ళ చాప మీద కూర్చున్నాడు. కోటు విప్పలేదు. మావాళ్ళు హడలిపోయి పక్కకు జరిగారు. అందరి తర్వాత, మా అమ్మ కూడా తాగాక, గిన్నెలో మిగిలిన మడ్డి ఆయన తాగాడు. శామ్యూల్ రెడ్డి గారు బయట పట్టుకుని, "ఇదేం పట్టుదల సారూ? ముందరికి రాండని మేమే పిలుస్తాంటే" అన్నారు.

"మార్తమ్మను పిలిస్తే నేనూ వస్తా," అన్నాడు సారు. "నన్నొక్కన్నే పిలిస్తే మీరు వరస మార్చినట్లు కాదు, నాకు లంచమిచ్చినట్లు."

అప్పటి నుంచి ఆయన చోటు అదే. భార్య కడపలోనే చనిపోయింది, పిల్లలు లేరు. సాయంత్రాలు మా ఇంటికి వచ్చి, అమ్మ చేసే జొన్నరొట్టె, చెనిక్కాయలతో నూరిన ఊరిమిండి పచ్చడి తింటూ తన పుస్తకం గురించి మాట్లాడేవాడు. మద్రాసులో చదువుకున్న కాలం నుంచి రాస్తున్న పుస్తకం అది. తత్వశాస్త్రం ఇంగ్లీషు తెలిసినవాళ్ళ సొత్తుగా ఉండగూడదని తెలుగులో రాశాడు. మనిషి మనిషితో కలిసి తినడంలో ధర్మం ఏమిటన్నదే పుస్తకమంతా. ఆరో అధ్యాయం మా గుడి గురించి. దాన్ని ప్రెస్సుకు ఇచ్చే ముందు మా వాకిట్లో కూర్చుని అమ్మకు చదివి వినిపించాడు. కులానికొక గిన్నె పెట్టుకున్నవాళ్ళు కనీసం అబద్ధమాడడం లేదని, ఒకే గిన్నె అని చెప్పి వరస పెట్టుకున్న మనం దేవుడి ముందరే అబద్ధమాడుతున్నామని అందులో ఉంది. రసం పిండిన మనిషి అందరికన్నా చివర ఎందుకు తాగాలని కూడా ఉంది.

"నీ గురించి రాసినా. తప్పుంటే చెప్పు మార్తమ్మా," అన్నాడు.

అమ్మ రొట్టె కాల్చడం ఆపేసింది. "తప్పేం లేదు సారూ. నా పేరు మాత్రం రాయగాకండి. గుడి ఊడ్చే పొరక కూడా పీక్కుంటారు."

ఆయనకు ఎంత కోపం వచ్చిందో పళ్ళు కొరుకుతున్న చప్పుడు నాకు వినిపించింది. అమ్మ మీద కాదది. అక్కడికక్కడే కలం తీసి ఆమె పేరు కొట్టేశాడు.

ప్రెస్సు సంఘానిదే. దాని కమిటీలో శామ్యూల్ రెడ్డి గారు, మా పాస్టరు అయ్యగారు ఉన్నారు. అయ్యగారి వరండాలో సారును కూర్చోబెట్టి పుస్తకాన్ని ఆకాశానికి ఎత్తేశారు. తెలుగులో ఇట్లాంటిది రాలేదన్నారు. నేను కాఫీ గ్లాసులు అందిస్తూ అక్కడే ఉన్నాను. పొగడ్తలన్నీ అయ్యాక రెడ్డి గారు గొంతు తగ్గించారు. "ఆరోది ఒక్కటి తీసేద్దాం సారూ. బైట మతమోళ్ళు చదివితే మన పరువు యాడుంటాది?"

"పరువు పోతాదని పుండు దాసుకుంటే కాలు పోతాది రెడ్డి గారూ."

అయ్యగారు బతిమాలారు. "ప్రేమతో సర్దుకోవల్ల గదా సారూ. కోపంతో రాసినట్లుండాది."

"కోపంతోనే రాసినా. మిగిలినవి మాత్రం దేంతో రాసినాననుకుంటాండారు?" అంటూ సారు కాగితాల కట్ట చంకన పెట్టుకుని లేచాడు.

దారిలో నేనే ఆగలేక అడిగాను. ఒక్క అధ్యాయం పోతే పోయింది, మిగిలినవైనా జనం చదువుతారు కదా అని. ఆయన నడక ఆపలేదు. "మిగిలినవి ఎవురన్నా రాస్తారు రాహేలూ. ఇది మనం గాక ఎవురు రాస్తారు?" అన్నాడు. ఆ 'మనం'లో నన్ను కూడా కలిపాడు. నాకు ఏడుపొచ్చింది. బతుకంతా రాసిన పుస్తకం చేతిలో పెట్టుకుని, అచ్చులో చూసుకోకుండానే ఆయన రెండేళ్ళలో మంచాన పడ్డాడు.

గుండె జబ్బు. కాళ్ళు నీరు పట్టాయి. రాగిసంకటి ముద్దలు మింగే మనిషి జొన్నగంజికి దిగాడు. అమ్మ రోజూ వెళ్ళి వండి పెట్టేది. డాక్టరు పెదవి విరిచాక అయ్యగారు సంచిలో గిన్నె, చిన్న సీసాలో రసం పెట్టుకుని వచ్చారు, చివరి సంస్కారం ఇద్దామని. గదిలో సారు, అయ్యగారు, అమ్మ, నేను. అంతే.

అయ్యగారు ప్రార్థన చేసి గిన్నె సారు నోటి దగ్గరికి తెచ్చారు. సారు చేయి అడ్డం పెట్టాడు.

"ముందు మార్తమ్మకు ఇయ్యండి. ఆ తర్వాత నాకు."

అయ్యగారు గిన్నె వెనక్కి తీసుకున్నారు. "రోగి మీరు గదా సారూ. మీకోసరమే తెచ్చినా."

"అందుకే అడుగుతాండా. ఈడ పెద్దలు ఎవురూ లేరు. బెంచీలు లేవు. ఎవురికి బయపడతాండావయ్యా?"

"రేపు తెలుస్తాది సారూ. నాకూ పిల్లలుండారు."

అమ్మ మంచం పట్టె పట్టుకుంది. సంస్కారం లేకుండా పోయిన ఆత్మ ఏమవుతుందోనని ఆమె భయం. ఆ భయం నిజమైనది, దానికి నేను నవ్వలేను. "తీసుకోండి సారూ, మీ కాళ్ళు మొక్కుతా. నా మూలాన మీరు దేవునికి దూరం కాగాకండి," అని వెక్కివెక్కి ఏడ్చింది.

"నీ మూలాన కాదు మార్తమ్మా. ఏడవగాకు," అన్నాడు సారు. అయ్యగారి వైపు తిరిగాడు. అయ్యగారు తల దించుకుని రసం మళ్ళీ సీసాలోకి ఒంపి, గిన్నె గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. ఆ ఒక్క పని చేయడానికి ఎంతసేపు పట్టిందో! ప్రతి క్షణం ఆయన మనసు మార్చుకోవచ్చు కదా అని చూశాను. మార్చుకోలేదు. సారు రెండో రోజు పోయాడు. గిన్నె తాకకుండానే పోయాడు.

సమాధి తోటలో శామ్యూల్ రెడ్డి గారు మాట్లాడారు. కోపమన్నది ఎరుగని సాధువు అన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బతికి ఉండగా ఆయన్ను ముందు బెంచీతో కొనాలని చూశారు, కుదరలేదు. చచ్చాక ఆయన కోపాన్ని ఊడబెరికి, మిగిలిన దేహానికి పూలదండ వేశారు. నేను అరవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగాయి. అప్పుడు భయంతో పట్టుకుందనుకున్నాను.

ఆ నెల బల్ల ఆదివారం పొద్దున అమ్మ ఎప్పటిలాగే రసం వడకట్టింది. చెంబు ఎత్తుకుంటుందని నేను తలుపు తీశాను. ఆమె తలుపు వేయమంది. కొంగు తల మీదికి లాక్కుని, "ప్రభువా" అని ఒక్క మాట అని, చెంబు ఎత్తి అంచుకు మూతి ఆనించి ఒక గుక్క తాగింది. తర్వాత నాకు అందించింది.

"తాగు రాహేలూ. ముందు మనం. ఆనక వాళ్ళు."

తాగాను. ఆమె చెంబు మీద తెల్లగుడ్డ కప్పి, గుడికి మోసుకుపోయి బల్ల మీద పెట్టింది. అయ్యగారు దాన్ని గిన్నెలోకి ఒంపారు. శామ్యూల్ రెడ్డి గారు అందరికన్నా ముందు లేచి, కళ్ళు మూసుకుని, భక్తితో మా ఎంగిలి తాగారు. ఆయన తర్వాత ఆయన భార్య, కొడుకులు, బెంచీలన్నీ. తలుపు దగ్గర చాప మీద మా అమ్మ రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది. బతికినన్నాళ్ళూ ప్రతి నెలా అట్లాగే చేసింది, ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి ఇప్పుడు నేను చెబుతున్నాను. పుస్తకావిష్కరణ సభలో కూడా ఇదే చెబుతాను, ముందు వరసలో ఎవరు కూర్చున్నా సరే.