గుడ్డేలుగు కోసం అలికిన కల్లం

ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు గని, మేం వయసుల ఉన్నప్పుడు మా దిక్కు నేల మీద ఏమున్నదో చూసేటోడు లేకుండె, అందరూ నేల కింద ఏమున్నదో చూసేటోళ్ళే. చంద్రపూర్ చుట్టుముట్టు (మా ముసలోళ్ళ నోట్లె అది కడదాక చాందానే) బొగ్గు, మా రాజురా దిక్కు సున్నపురాయి. దేశం తలుపులు తెరిచిన్రు, ఇగ కంపెనీలు వస్తయి అని రేడియోల చెప్పిన రెండేండ్లకో మూడేండ్లకో మా ఊరి బండ్లబాట మీద జీపులు తిరుగుడు మొదలైంది. జీపు వచ్చిందంటే ఊరంత పని బంద్ చేసి చూసేది. అందరికంటె ముందుగాల్ల పోయి నిలబడేటోణ్ణి నేనే. ఇరువై ఆరేండ్ల వయసు, మీసం మీద బాగా నమ్మకం, అక్షరం ముక్క రాదు. రాదని ఒప్పుకునే బుద్ధి అంతకన్నా లేదు. ఆ తెలివితోని నేను చేసిన ఘనకార్యం గిది.

మా ఊరికీ సున్నపురాయి గనికీ నడుమ ఒక ఒర్రె ఉంటది. వానకాలం నీళ్ళు, ఎండకాలం రాళ్ళు. దాని రెండు ఒడ్ల మీద ఇప్పచెట్లు. కాగితం మీద అవి సర్కారువి గని, ఊరి నోటి మీద ఎవరి చెట్లు వాళ్ళవి. అండ్ల ఆరు చెట్లు మా అమ్మవి. మా నాయన నేను పసిగుడ్డుగ ఉన్నప్పుడే పోయిండు. ఎండకాలం ఆ ఆరు చెట్ల కింద రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, అంగట్ల అమ్మి నన్ను సాకింది మా అమ్మ. అటువంటి ఒర్రెల నుంచి గనికి డాంబరు రోడ్డు ఏస్తమని గీత గీసిన్రు. గీత సక్కగ మా ఆరు చెట్ల మీదికెల్లే పోయింది.

అయితే అడివి నడుమ రోడ్డు పడాల్నంటే ఊకెనే పడదు. ఏ జంతువు ఎక్కడ తిరుగుతది, ఏం తింటది, ఎక్కడ నీళ్ళు తాగుతది అని ముందుగాల నక్షా గీయాలె. ఆ నక్షా కోసం వచ్చిండు టోపీ సాబు. నాగపూర్ దిక్కు మనిషి, నాకంటె నాలుగేండ్లు పెద్దగ ఉంటడేమో, నెత్తి మీద టోపీ అన్నం తినేటప్పుడు సుత తియ్యకపోయేది. గోండ్‌పిప్రి దిక్కు అడివంత తిరిగి మా కాడికి వచ్చిండు. ఆయన మరాఠీల అడిగేది, నేను మరాఠీ, హిందీ, తెలుగు కలిపి కిచిడి చేసి చెప్పేది. (మీకు ఇబ్బంది లేకుంట ఈడ అందరి మాటలూ తెలుగులనే రాస్తున్న.)

జీపు బానెట్ మీద నక్షా పరిచి ఏలు పెట్టి చూపిచ్చిండు. "ఆకుపచ్చ ఏసిన కాడ జంతువులు బతుకుతున్నయన్నట్టు. అక్కడ రోడ్డు రాదు. పసుపు ఏసిన కాడ వచ్చిపోతున్నయన్నట్టు. తెల్లగ వదిలితే ఏం లేదన్నట్టు. అక్కడ ఎవరైనా ఏమైనా కట్టుకోవచ్చు."

"మరి మా ఒర్రె?"

"ఇప్పటికైతే తెలుపే."

"అట్లెట్ల సాబ్? గుడ్డేలుగు రోజూ వస్తది. ఇప్పపువ్వంటే పాణమిస్తది. మా అమ్మ దినాం చూస్తది."

"మీ అమ్మ చూసింది నక్షా మీద ఎక్కదు," అన్నడు టోపీ సాబు. "నాకు అడుగు కావాలె. అడుగుంటే రంగు, లేకుంటే తెలుపు."

అడుగు దొరకబట్టే పని నాకే ఇచ్చిండు. ఊరి నుంచి ఒర్రె దాక బండ్లబాట మీద ఎనిమిది చోట్ల మెత్తటి మట్టి పరువాలె. జంతువు నడిస్తే దాని మీద అడుగు పడాలె. ఒకచోట రాళ్ళు ఏరి, మట్టి జల్లెడ పట్టి, అరచేత్తోని సాపు చేసి చూపిచ్చిండు. తర్వాత మరాఠీల రాసిన కాగితం ఒకటి ఇచ్చి, "చదువొచ్చు గద?" అన్నడు.

"నాలుగో తరగతి పాస్ సాబ్." (మా ఊరి బడి మూడుతోనే ఆగిపోయేది. ఆ సంగతి ఆయనకు తెల్వదు, నా అదృష్టం.)

"ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు అంత దీంట్ల ఉంది. ఎనిమిది రోజులకు వస్త."

నేను కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, నడుమ రెండుసార్లు "ఊఁ ఊఁ" అని తలూపి, మడిచి జేబుల పెట్టుకున్న. గంత మంచిగ చదివినోణ్ణి చూసి సాబు ఖుషీ అయిండు.

మొదటి రోజు ఎట్ల చూపిచ్చిండో అట్లనే చేసిన. తెల్లారి పోయి చూస్తే గాలికి సగం మట్టి పోయింది, మిగిలిన సగం మీద ఊరి మేకలన్నీ తిరునాళ్ళ చేసినయి. ఎండకాలం గాలి, ఆగుతదా? అప్పుడు నాలోని రైతు లేచిండు. నేల సాపుగ ఉండాలె, గాలికి లేవొద్దు, గింజంత గుర్తు సుత కనబడాలె అంటే మనం ఏం చేస్తం? కల్లం అలుకుతం! పెండ, ఎర్రమట్టి కలిపి అలికితే అద్దం లెక్క ఉంటది. పొద్దుగాల వాకిట్ల సానుపు చల్లినంక కోడి నడిచినా కాలి గుర్తు పడ్తది గద. నాగపూర్ల చదివిన సాబుకు రాని ఉపాయం నాకు వచ్చిందని మురిసిపోయిన.

పెండ కోసం మా మేనమామ కొట్టంలకు పోయిన. మా మామకు రోడ్డంటే రోడ్డు కాదు, బస్సు. మోకాళ్ళ నొప్పులు, రాజురా అంగడికి పోవాల్నంటే నాలుగు కోసులు నడవాలె. "నా జీవి పోయేలోపల వాకిట్లెకు బస్సు రావాలె, నేను అరుగు మీదికెల్లి సక్కగ బస్సులకు ఎక్కాలె," అని రోజూ జపం చేసేటోడు.

"పెండ ఎందుకురా అల్లుడా?"

"గుడ్డేలుగు అడుగుల కోసం బాట అలుకుతున్న మామా."

మా మామ నా మొఖం కెల్లి చూసిండు. తర్వాత మీసాల నవ్వి, "తీస్కపో బిడ్డా. ఎంత కావాల్నంటే గంత తీస్కపో. మంచిగ, గట్టిగ అలుకు," అన్నడు. ఎన్నడూ పిడకంత పెండ ఇయ్యని మామ గంపలు నింపి నెత్తికెత్తిండు. నేను దాన్ని ప్రేమ అనుకున్న.

ఇగ చూడున్రి. రోజూ పొద్దుగాల ఎనిమిది చోట్ల అలుకుడు. ఎండకు మధ్యాన్నం వరకే ఎండి గచ్చయ్యేది. బాట మీద పోయేటోళ్ళు ఆగి, "ఈడ జొన్న కొడ్తవారా, కంది కొడ్తవారా?" అని అడిగేది. తెల్లారి పోయి చూస్తే ఒక్క అడుగు లేదు. రెండో రోజు లేదు. అయిదో రోజు లేదు. నేనింక మందంగ అలికిన. ఆరో రోజూ లేదు.

"అమ్మా, గుడ్డేలుగు వస్తలేదే," అన్న.

"ఎందుకు రాదు? నిన్ననే మూడో చెట్టు కింద పువ్వంత నాకిపెట్టి పోయింది, దాని నోట్లె మన్నువడ."

"మరి అడుగేది?"

"నన్నడుగుతవేందిరా? దాన్నడుగు పొయ్యి."

తెల్లారితే సాబు వస్తడనంగ, ఆఖరు రోజు అన్నీ కొత్తగ అలకాల్నని కూసున్న. పెద్దమనిషి వస్తుండంటే వాకిలి అలకమా? ఆ రోజు మామ బర్రెలు మేతకు పోయి ఆలస్యంగ వచ్చినయి, పెండ ఆలస్యమైంది. ఎనిమిదోది, ఒర్రె మూతి కాడిది, అలికేసరికి పొద్దుగూకింది. గంపల మిగిలిందంత అక్కడనే కుమ్మరిచ్చి రెండు వేళ్ళ మందం చేసిన. చెయ్యి తుడుచుకునేలోపట, చెట్ల కింద ఆకులు ఊడ్చి చీపురు చంకల పెట్టుకొని వచ్చిన మా అమ్మ సక్కగ దాంట్ల కాలు పెట్టింది.

"థూ! నీ అలుకుడు అడివిల కలవ! బాట నడుమ పెండ పోసినవేందిరా, ఊరంత జారిపడాల్నా?"

"కండ్లు కనబడ్తలేవా? సర్కారు పని చేస్తున్న!"

"సర్కారుకు సుత పెండనేనా నీ చేతికెల్లి?" అని తిట్టుకుంట పోయింది. నాకు కోపమొచ్చి, ఆమె కాలి గుంటలు సాపు చెయ్యకుంటనే ఇంటికి పోయిన.

పొద్దున జీపు దిగిండు టోపీ సాబు, చేతుల టేపు, మెడల కెమెరా, అచ్చు తీసే తెల్లపొడి సంచి. చూడనీకి మా మామ సుత కట్టె పట్టుకొని వచ్చిండు. మొదటి దాని కాడ సాబు ఆగిండు. బూటు మడిమెతోని తట్టిండు. టక్ టక్.

"ఏంది ఇది?"

"కల్లం సాబ్."

"కాగితం చదివినవా?"

"చదివిన సాబ్."

"ఏముంది దాంట్ల?"

నేను ఆకాశం కెల్లి చూసిన. ఆకాశం మీద సుత ఏం రాసి లేదు. కాగితం జేబులకెల్లి తీస్తే ఎనిమిది రోజుల చెమటకు మెత్తటి ముద్దైంది. "చదువు రాదు సాబ్," అన్న. ఆ మాట అంతకుముందు నా నోటికెల్లి ఎన్నడూ రాలేదు.

సాబు ఆ కల్లం మీదనే కూలబడ్డడు. "మట్టి ఎండగ ఉంచాలె, నీళ్ళు తగలనియ్యొద్దు అని మొట్టమొదటి మాటే రాసిన గదయ్యా. దీని మీద ఏనుగు నడిచినా అడుగు పడదు!"

"రోడ్డుకు పునాదిగైతే మస్తుగుంటది సాబ్," అన్నడు మా మామ. అప్పుడు సమజైంది నాకు, గంపల పెండ ఎందుకు ఎత్తిండో. "నీకు తెలిసే ఇచ్చినవా మామా?" అంటే, "నువ్వు ఇంత కష్టపడి పని చేస్తుంటే అడ్డం చెప్పుడు మర్యాద కాదు గదరా," అన్నడు.

రెండోది, మూడోది, నాలుగోది... ఏడింటికీ అదే టక్ టక్. సాబు నక్షా తీసిండు, ఒర్రె కాడ పెన్సిల్‌తోని ఏదో చిన్నగ రాసుకున్నడు. నాకు చదువు రాదు గని, తెల్లగ ఉన్నది తెల్లగనే ఉన్నదని చూస్తే తెలుస్తది గద. నా చెయ్యి కెల్లి చూసుకున్న. గోర్లల్ల ఇంక ఎర్రమట్టి ఉన్నది. మా అమ్మ చెట్లను గొడ్డలి పెట్టకుంట నా చేత్తోని నేనే కొట్టేసిన అనిపిచ్చింది. మా అమ్మకు ఏం చెప్పాలె? ఎనిమిదోదాని కాడికి పోవుడే దండుగ అనుకున్న. సాబే ముందు నడిచిండు. నడిచినోడు అక్కడ ఒక్కసారి మోకాళ్ళ మీద కూసున్నడు. ఎన్నడూ తియ్యని టోపీ తీసిండు.

"అస్వల్!" అన్నడు. అంటే గుడ్డేలుగే.

రెండు వేళ్ళ మందం పెండల, పచ్చిగ ఉన్నప్పుడు నడిచింది మహాతల్లి. ముందు మా అమ్మ కాళ్ళు రెండు, వాటి వెనకనే, సగం వాటి మీదనే, గుడ్డేలుగు కాళ్ళు. వెనక కాలు అచ్చం మనిషి పాదం లెక్క, ముందు అయిదు గోర్ల గుంటలు. ఒకచోట జారి ఎనకకు కూలబడింది సుత. ఆ కూలబడ్డ గుర్తు ఇంత పెద్దగ, నున్నగ ఉన్నది. రాత్రి గాలికి ఎండి అచ్చు పోసినట్టయింది. తెల్లపొడి సంచి విప్పే పనే పడలే.

మా మామ వంగి చూసి గొంతు సవరిచ్చుకున్నడు. "గుడ్డేలుగు కాదు సాబ్, మా చెల్లె కాలు. చిన్నప్పటిసంది ఆమె కాళ్ళు గట్లనే పెద్దగుంటయి."

అప్పుడే గంప నెత్తిన పెట్టుకొని ఒర్రెలకెల్లి వస్తున్నది మా అమ్మ. "నా కాలికి గోర్లు గంతగంత ఉన్నయా అన్నా? నీ వీపు మీద పెట్టి చూపియ్యాల్నా?" అన్నది. గంప దించి, చిన్న గుంటల తన పాదం పెట్టి చూపిచ్చింది. సరిగ్గ పట్టింది. సాబు టేపు తీసి ముందు గుడ్డేలుగు పాదం కొలిచిండు, తర్వాత మా అమ్మ పాదం సుత కొలిచి రాసుకున్నడు. చక్కిలిగింత పుట్టి మా అమ్మ కిసకిస నవ్వింది. ఆమె గట్ల నవ్వంగ నేను చూసుడు అదే మొదలు.

"నేను పోయినంకనే వస్తది సాబ్," అన్నది. "నేనున్నప్పుడు రాదు, అదున్నప్పుడు నేను పోను. మూడో చెట్టు దానికే ఇడిసిపెట్టిన." తర్వాత ఆయన్ను ఒర్రెలకు తోలుకపోయి, చెట్ల మీద గోర్ల గీతలు, అది తవ్విన చెదల పుట్టలు, రేగుగింజలు నిండిన పెంట, ఎండకాలం సుత ఆరని చెలిమె, అన్నీ చూపిచ్చింది. టోపీ సాబు బడిపిల్లగాని లెక్క ఆమె వెనక నడుచుకుంట రాసుకున్నడు. మధ్యాన్నం చెట్టు నీడల కూసొని మా ఒర్రెకు ఆకుపచ్చ రంగు ఏసిండు. పోంగ పోంగ గడ్డపారతోని ఆ పెండగచ్చును అడుగుతో సహా పెకిలిచ్చి, గోనెసంచుల చుట్టి, జీపుల పెట్టుకొని చంద్రపూర్‌కు తీస్కపోయిండు. "నా బర్రె పెండ పోయి నా బస్సునే ఆపిందిరా," అని మా మామ చాన్నాళ్ళు ఏడ్చిండు. అయినా ఆ పెండ జిల్లా ఆఫీసుల టేబుల్ మీదికెక్కిందని సుట్టాలందరికి చెప్పుకునేది సుత ఆయనే.

జీపు ఎక్కే ముందు సాబు నాతోని ఒక్కటే మాటన్నడు. "అక్షరాలు నేర్సుకో. ప్రతిసారి గుడ్డేలుగు వచ్చి కాపాడదు." నేర్సుకున్న. తొందరేం పడలే, నలభై దాటినంక ఊరి రాత్రిబడిల మరాఠీ, ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చిన కోడలు చేత తెలుగు. గిది రాసిన చెయ్యి అదే.

రోడ్డు వచ్చింది. ఒర్రెను ఇడిసి, గుట్ట వెనకకెల్లి పెద్ద వంకర తిరిగి వచ్చింది. బస్సు సుత వచ్చింది గని మామ వాకిట్లెకు కాదు, ఊరి అవతల మలుపు దాకనే. మామ రెండేండ్లు ఎక్కిండు, ఎక్కినన్ని రోజులు నన్ను తిట్టుకుంటనే ఎక్కిండు. మా అమ్మ పోయింది. ఇప్పుడు నా మోకాళ్ళు సుత మామ మోకాళ్ళయినయి. మొన్న అంగడికెల్లి వస్తుంటే, గుట్ట తిరిగే కాడ నా పక్కన కూసున్న కొత్త మనిషి విసుక్కున్నడు. "సక్కగ వస్తే అయిదు నిమిషాల తొవ్వ. ఈ వంకర గీసినోనికి బుద్ధున్నదా?"

నేను కిటికీలకెల్లి చూసిన. కింద ఒర్రెల ఇప్పచెట్లు, చెట్ల కింద గంపలు పట్టుకొని ఎవరో ఆడోళ్ళు.

"ఏమో బిడ్డా," అన్న. "అక్షరం ముక్క రానోడు గీసి ఉంటడు."