మంచుకొండకు పోయే ఫారం మీద నా సంతకం

నాకు అరవై నిండబోయే ఏడాది మా బావమరిది షష్టిపూర్తికి పోయి వచ్చాను. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. ఫంక్షన్ హాల్లో మొగుడూపెళ్ళాలిద్దరినీ ప్లాస్టిక్ పూల ఉయ్యాల మీద కూర్చోబెట్టి, ఫొటోలు తీసేవాడు చెప్పినట్టల్లా ఆడించారు. "అంకుల్, ఆంటీ గదువ పట్టుకోండ్రి" అన్నాడు వాడు. గడ్డం పట్టుకున్నాడు మా బావమరిది. ఆమె మోకాళ్ళ నొప్పి ఓర్చుకుంటూ నవ్వింది. నవ్వు సరిగ్గా పడలేదని మళ్ళీ నవ్వమన్నారు. పొగ మిషను వాసనకు ఒక ముసలాయన దగ్గి దగ్గి వాంతి చేసుకుంటే, ఆ మూలకు నాలుగు కుర్చీలు అడ్డం పెట్టి, ఇవతల విస్తళ్ళు వేశారు.

ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే మా ఆవిడ అంది: "మనది గూడ గదే హాల్ల చేద్దాం. ఇప్పట్నుంచే అడిగి పెట్టాలె."

"నన్ను ఆ ఉయ్యాల మీద కూసోబెడితే లేచి బస్టాండుకు పోత" అన్నాను.

ఆ మాట విని మా బిడ్డ నవ్వింది. మాకు ఒక్కతే. అప్పటికి దానికి ముప్పై ఏళ్ళు. కవితాళలో బ్యాంకు ఉద్యోగం. రోజూ రాయచూరు నుంచి బస్సులో పోయి వచ్చేది. అంతకు రెండేళ్ళ కిందట స్నేహితురాళ్ళతో ఉత్తరాది కొండలకు పోయి, పది రోజులు మంచు మీద జారడం నేర్చుకుని వచ్చింది. అప్పటి నుంచి దాని ఫోను నిండా తెల్లటి కొండలే.

"నాయినా, ఉయ్యాల ఒద్దుగని హెలికాప్టర్ ఎక్కుతవా?" అంది.

హెలి స్కీయింగ్ అట. హెలికాప్టర్‌లో తీసుకుపోయి దారి లేని మంచుకొండ నెత్తి మీద దింపుతారు. కాళ్ళకు రెండు పొడుగాటి పలకలు బిగించుకుని కిందికి జారుకుంటూ రావాలి. తండ్రీబిడ్డా కలిసి పోయిన వీడియో ఒకటి చూపించింది. ఆ తండ్రికి నాకంటే ఎక్కువ వయసే ఉంటుంది.

నేను మంచు అంటే ఫ్రిజ్‌లో చూసినవాణ్ణి. బతుకంతా బాయిలర్ల పక్కనే గడిచింది. మొదట రైసు మిల్లుల్లో, ఆ తర్వాత ఊక కాల్చి కరెంటు తీసే ఒక చిన్న ప్రైవేటు ప్లాంటులో. జిల్లాలోని పెద్ద థర్మల్ ప్లాంటు పొగగొట్టాలను చూసి, ఆ రోజుల్లో ప్రతి షావుకారుకూ కరెంటు మీద ఆశ పుట్టింది. మాది అట్లా పుట్టి, కొన్నేళ్ళు నడిచి, మూతపడింది. ఊక బూడిద నల్లగా, మెత్తగా చెవుల్లో, ముక్కుల్లో, అన్నంలో కూడా ఉండేది. మా ఇంటి దండెం మీద తెల్ల బట్ట తెల్లగా ఆరిన రోజు నాకు గుర్తు లేదు. ఆ ఉయ్యాల మీద రోతతో కొంత, బిడ్డ చాలా ఏళ్ళకు నన్ను ఒకటి అడిగిందని కొంత, సరే అన్నాను.

మరుసటి ఆదివారం ఇద్దరం ఒక ట్రావెల్స్ ఆఫీసుకు పోయాం. కాశీ, తిరుపతి, మక్కా ఉమ్రా యాత్రల టిక్కెట్లన్నీ అక్కడే. ఏజెంటు నోటి నిండా గుట్కా. మాట్లాడే ముందు బల్ల కింది బుట్టలోకి వంగి ఉమ్మి, అదే చేత్తో మూతి తుడుచుకుని, ఆ చెయ్యే నాకు ఇచ్చాడు.

"సార్, మీరు ఏం ఫికర్ చేయకుండ్రి. పోతరు, ఫొటో దిగుతరు, వస్తరు."

"నాకు జారుడు రాదు" అన్నాను.

"ఎవలికి వస్తది సార్? రాయచూర్ల మంచు పడ్తదా?" అని ఫారం తీసి అనుభవం ఎన్నేళ్ళు అన్న చోట పెన్ను పెట్టాడు. "ఈడ పదేండ్లు అని రాసుకుందాం. లేకుంటె వాండ్లు తీసుకోరు. అందరు గిట్లనే రాస్తరు."

నేను ఫారం వెనక్కి తోశాను. వాడేం నొచ్చుకోలేదు. నా మీద జాలిపడినట్టు మా బిడ్డ వైపు చూసి, మళ్ళీ బుట్టలోకి వంగాడు. అట్లాంటి గదిలో కూర్చుని నా అరవయ్యో ఏడు గురించి మాట్లాడుకుంటున్నామని రోత పుట్టి, లేచి బయటికి వచ్చాను.

ఫారం ఎట్లా రాసినా డాక్టరు సర్టిఫికెట్ కూడా కావాలన్నాడు ఏజెంటు. మా బజారులోని క్లినిక్‌కు ఒక్కణ్ణే పోయాను. డాక్టరు మిర్చి బజ్జీ తింటున్నాడు. నూనె వేళ్ళతోనే కాగితం లాక్కుని, నా పేరు అడిగి, బీపీ నూట ఇరవై, ఎనభై అని రాసి, ముద్ర కొట్టాడు. నన్ను ముట్టుకోలేదు. నా మొహమైనా చూడలేదు.

"జెర చూసి రాయండ్రి సార్" అన్నాను.

"మంచిగనే ఉన్నరు గదా, ఏం చూసేది?"

చూసేదాకా కదలనన్నాను. విసుక్కుంటూ చేతికి పట్టీ కట్టాడు. నూట అరవై నాలుగు, వంద. ఆయన ఆ అంకెను చూసి, నన్ను చూసి, ఒక మాత్ర పేరు రాసిచ్చి, "ఇది వేసుకోండ్రి. సర్టిఫికెట్ల మాత్రం అదే ఉండనీయండ్రి, ఎందుకు లొల్లి" అన్నాడు. నూనె మరక అంటిన ఆ కాగితాన్ని అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాను. ఇంటికొచ్చి బిడ్డకు చెప్పాను. అది ఫోనులోంచి తల ఎత్తకుండా "ఊఁ" అంది.

తర్వాతి ఆదివారం ఫోను ఛార్జరు కోసం బిడ్డ బ్యాంకు సంచి తెరిచాను. పైనే ఉంది ఫారం నకలు. దాంట్లో నాకు పదేళ్ళ అనుభవం. ఎట్లాంటి కొండైనా దిగగలను. జబ్బులేవీ లేవు. వెనక పిన్ను కొట్టి నూనె మరక సర్టిఫికెట్. బిడ్డ క్లినిక్‌కు పోయి తెచ్చుకుందన్నమాట. అన్నిటి కిందా నా సంతకం. చివర తోక లాగిన తీరుతో సహా నాదే. అయితే నేను పెట్టింది కాదు.

ఏజెంటు మీద, డాక్టరు మీద పుట్టిన రోత పైపైన ఉండింది. అది కడుక్కుంటే పోయేది. ఇది పోలేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్న బిడ్డ చేతులు చూస్తే ఆ సంతకమే కనబడింది.

"ఇది ఎవరు పెట్టిండ్రు?" అని ఫారం కంచం పక్కన పెట్టాను.

"నేనే. నువ్వు ఎట్లాగు ఒప్పుకుంటివి గద, నాయినా. కాగితం పని అది. ఆడికి పోయినంక గైడు చూసుకుంటడు."

కాగితం పని. ఆ మాట నేనే ఒకప్పుడు అన్నాను.

నేను ఎవరికీ చెప్పనిది ఆ రోజు బిడ్డకు చెప్పాను. మా ప్లాంటులో ఊక నింపే పెద్ద బంకర్ ఉండేది. దాని అడుగున ఊకను బాయిలర్‌లోకి నెట్టే స్క్రూ తిరుగుతుంటుంది. తడి ఊక గడ్డకడితే మనిషి దిగి పొడవాలి. దిగే ముందు స్క్రూకు కరెంటు తీసి, తాళం వేసి, షిఫ్టు ఆపరేటరు స్వయంగా పోయి చూసి పర్మిట్ మీద సంతకం పెట్టాలి. ఆ రోజు ఆపరేటర్ని నేను. ఎండ. చేతిలో టీ గ్లాసు. "నా సంతకం నువ్వే గీకెయ్, కాగితం పనే గద" అని పక్కవాడితో అన్నాను. వాడు గీకాడు. చంద్రబండ నుంచి వచ్చే కూలీ ఒకతను, ఇద్దరు పిల్లల తండ్రి, దిగాడు. తాళం వేయలేదు. ఎవరో స్విచ్చు వేశారు. అతని ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయింది.

"తర్వాత విచారణ పెట్టిండ్రు" అన్నాను. "ఆయన చెప్పకుండ దిగిండని రాసియ్యమన్నరు. రాసిచ్చిన. ఆ సంతకం మట్టుకు నేనే పెట్టిన."

మా ఆవిడ వంటింటి గడపలో నిలబడిపోయింది. బిడ్డ ఆ ఫారం మడిచి పక్కకు జరిపింది.

"ఆయన ఇప్పుడు ఎట్లున్నడు?"

"తెల్వదు."

"ఒక్కసారన్న పోయి చూడలే?"

"పోలే."

అది నా వైపు చూసింది. ముప్పై ఏళ్ళలో దాని మొహం మీద నేను చూడనిది అప్పుడు చూశాను. నా మీద ఏవగింపు. దాని మీద నాకు పుట్టిన రోత కంటే అదే పెద్దది. అన్నం సగంలో వదిలి, చెయ్యి కడుక్కుని లోపలికి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. 

మూడో రోజు బ్యాంకు నుంచి రాగానే ఫోను నా ముందు పెట్టింది. కొండల్లో హెలికాప్టర్ వాళ్ళ గైడు నంబరు వెతికి సంపాదించింది. "నువ్వే మాట్లాడు. నేను ఇంట" అని స్పీకరు వేసింది.

నా రాయచూరు ఉర్దూ, అతని కొండల ఉర్దూ. అయినా అర్థమయింది. అతను ఒకటే అడిగాడు: "మీరు జారుతూ జారుతూ ఆగాలంటే ఎట్లా ఆగుతారు?"

"తెలియదు" అన్నాను. "నేను ఎప్పుడూ ఎక్కలేదు. ఫారం అబద్ధం."

అతను కోప్పడలేదు. ఆ ఏజెంటు పంపినవాళ్ళు అంతకు ముందూ వచ్చారట. ఒకామెను పైకి తీసుకుపోయాక, భయంతో కదలకుండా కూర్చుండిపోతే, వాతావరణం చెడి హెలికాప్టర్ తిరిగి రాలేక, మోసుకుంటూ దించారట. తర్వాత అతను చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పైన మంచు చరియ విరిగి ఎవరైనా కూరుకుపోతే బయటి నుంచి సాయం వచ్చేలోపు ప్రాణం పోతుంది. అందుకే ప్రతివాడి ఒంటి మీదా బీకన్ అనే చిన్న యంత్రం ఉంటుంది. కూరుకుపోయినవాణ్ణి పక్కవాడే దాంతో వెతికి, తవ్వి తీయాలి.

"మీ అమ్మాయి కిందపడితే తీసేది మీరే. మీకు వెతకడం వచ్చా?"

మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు. బిడ్డ ఫోను దగ్గరికి వంగి, ఆ ఫారం తనే రాసిందనీ, తన తండ్రి సంతకం తనే పెట్టిందనీ, ఆయనకు బీపీ ఉందనీ చెప్పి, దాన్ని తీసెయ్యమంది.  హెలికాప్టర్ మాట తర్వాత, ముందు కింది వాలు మీద నేర్చుకోండి, అది కూడా బీపీ తగ్గాకే అన్నాడు గైడు.

ఆ ఆదివారం నేను చంద్రబండ పోయాను. బిడ్డ వస్తానంది, వద్దన్నాను. ఆ కూలీ ఇంటి ముందు కూర్చుని ఒక్క చేత్తో, కాలి వేళ్ళ సాయంతో తాడు పేనుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేను రాసిచ్చినది అబద్ధమని, ఆ రోజు పోయి చూడకుండానే నా సంతకం పక్కవాడితో పెట్టించానని, ఒక్కొక్కటిగా చెప్పాను. అంతా విన్నాడు.

"నాకు అప్పుడే ఎరుక సార్. నువ్వు కుర్చీల నుంచి లేవనే లేదు గద."

అంతే. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. మళ్ళీ తాడు పేనడం మొదలుపెట్టాడు. కావాలంటే అదంతా కాగితం మీద రాసి నేనే సంతకం పెట్టి ఇస్తానంటే, ఆ ప్లాంటే లేదు, ఆ కాగితం ఎవరికిస్తావ్ అన్నాడు. కాసేపు నిలబడి వచ్చేశాను. మనసు తేలిక పడుతుందని ఎవరైనా అంటే నేను నమ్మను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నన్ను నేనే ఈసడించుకుంటూ వచ్చాను.

షష్టిపూర్తికి హాలు మాట్లాడలేదు. మా ఆవిడ కోసం ఇంట్లోనే పూజ చేయించి, నలుగురికి భోజనం పెట్టాం. రోజూ మాత్ర వేసుకుంటూ, పొద్దున్నే కోట గుట్ట ఎక్కి దిగుతూ ఎనిమిది నెలలు గడిపాను. ఆ చలికాలం నేనూ బిడ్డా కొండలకు పోయాం. హెలికాప్టర్‌కు కాదు, కింది వాలుకు.

అక్కడ కూడా మెచ్చుకోవడానికి నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. అద్దె బూట్లు ఎవరెవరి చెమటతోనో కంపు కొట్టాయి. మేజోళ్ళు రోజంతా తడి. మంచు అంటే తెల్లగా ఉంటుందనుకున్నాను. వందమంది తొక్కిన వాలు మీద అది గోధుమ రంగు బురద. దాని పక్కనే నూడుల్స్ కప్పులు, సీసాలు. పడీ పడీ నడుము కమిలిపోయింది. నా పక్కన ఆరేళ్ళ పిల్లలు జారుకుంటూ పోయేవాళ్ళు.

అయినా నాలుగో రోజుకు ఆగడం వచ్చింది. మడమలు బయటికి తోసి, పలకల ముందు కొనలు దగ్గరికి తెస్తే ఆగుతాం. ఆ సాయంత్రం గైడు బీకన్ ఒకటి మా బిడ్డకిచ్చి, ఒకటి నాకిచ్చాడు. బిడ్డ తనది మంచులో పూడ్చి వచ్చింది. నేను యంత్రం చూపే బాణం వెంట మోకాటి లోతు మంచులో తిరిగి, చేతిపారతో తవ్వి తీశాను. పదిహేడు నిమిషాలు పట్టింది.

"ఇంతసేపయితే మనిషి బతకడు" అన్నాడు గైడు.

నాకు వగర్పు.  నా చేతగానితనం మీద నాకే వెగటు పుట్టి, పార మంచులో గుచ్చి నిలబడ్డాను. బిడ్డ దగ్గరికొచ్చి నా చేతి తొడుగుకు అంటిన మంచు దులిపింది.

"చలి పెడ్తుందా, నాయినా? పోదామా?"

"ఒద్దు" అన్నాను. "మళ్ల దాచు."

"అయితే మొఖం అటు తిప్పుకో."

నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. వెనక మంచులో దాని అడుగులు కొంచెం కొంచెంగా దూరమవుతుంటే వింటూ ఉన్నాను.